ఫంగస్ ఎక్స్‌ట్రాక్ట్ క్యాన్సర్ కణాలను చంపింది, దీని మీద పీహెచ్‌డీ చేయొచ్చా?

బిళ్ళగన్నేరు ఆకుల్లోంచి తీసిన ఫంగస్ ఎక్స్‌ట్రాక్ట్ (సారం) ఎంటీటీ పరీక్షలో, అంటే బతికున్న కణాలు ఎంటీటీ అనే రసాయనాన్ని ఊదా రంగుకు మార్చే పరీక్షలో, ల్యాబ్‌లో పెంచే ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాలను చంపిందని రాశారు. తప్పకుండా చేయొచ్చు. నా పీహెచ్‌డీ కూడా ఔషధ మొక్కల లోపల బతికే ఫంగస్‌ల మీదే.

అయితే ముందు అదే డోసు మామూలు కణాల మీద వేసి చూడండి. ప్లేటులో క్యాన్సర్ కణాలను చంపడం పెద్ద కష్టం కాదు, చాలా ఫంగస్‌లు విషాలు తయారు చేస్తాయి. ఆస్పర్‌జిల్లస్ చేసే గ్లయోటాక్సిన్ మంచి కణాలనూ వదలదు. మామూలు కణాలు తట్టుకుంటేనే ముందుకెళ్ళడంలో అర్థముంది.

ఎక్స్‌ట్రాక్ట్‌కు రంగుంటే కణాల్లేని వెల్‌లో (ప్లేటులోని చిన్న గుంటలో) కూడా ఎంటీటీ కలిపి రీడింగ్ తీయండి. కొన్ని ఎక్స్‌ట్రాక్ట్‌లు కణాలు లేకుండానే ఊదా రంగు తెస్తాయి. అప్పుడు చచ్చిన కణాలూ బతికున్నట్టే లెక్కకొస్తాయి.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది వేరే. మా ఫంగస్ ప్లేటు మీద ఎప్పట్లాగే తెల్లగా, దట్టంగా పెరిగేది. కానీ కల్చర్‌ను కొత్త ప్లేటుకు మార్చిన ప్రతిసారీ, పదార్థాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో మాకు కావాల్సిన పదార్థం పీక్ కుంగిపోయేది, చివరికి కనిపించడమే మానేసింది. మొక్కలోంచి బయటికొచ్చిన ఫంగస్‌లలో ఇది మామూలే. అందుకే మొదటి ప్లేటు నుంచే గ్లిజరాల్ స్టాకులు (గ్లిజరాల్‌లో దాచే ఫంగస్ నమూనాలు) చేసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి, ఈరోజే.

టాక్సాల్ కథ మీకు తెలిసే ఉంటుంది. పసిఫిక్ యూ అనే చెట్టు బెరడులో దొరికిన క్యాన్సర్ మందు అది. 1993లో అమెరికాలోని మోంటానా శాస్త్రవేత్తలు అదే చెట్టులోని టాక్సోమైసిస్ ఆండ్రియానే అనే ఫంగస్ కూడా దాన్ని తయారు చేస్తోందన్నారు. దొరికింది లీటరుకు నానోగ్రాముల్లోనే, అయినా ప్రపంచమంతా ఫంగస్‌ల వేటలో పడింది. 2013లో జర్మనీ బృందం ఒకటి ఆ ఫంగస్‌నే మళ్ళీ పరీక్షించి, అది సొంతంగా టాక్సాల్ చేస్తుందనడానికి ఆధారం దొరకలేదంది. మీ ఫంగస్ కూడా బిళ్ళగన్నేరులో దొరికే క్యాన్సర్ మందు విన్‌క్రిస్టిన్ చేస్తోందని ఎవరైనా ఆశపెడితే ఈ సంగతి గుర్తుంచుకోండి. మొక్క నుంచి అంటిన కాస్త పదార్థం కూడా పీక్‌లా కనిపించగలదు.

ఎక్స్‌ట్రాక్ట్‌లో ఏ పదార్థాలున్నాయో బరువును బట్టి గుర్తించే ఎల్‌సీ-ఎంఎస్ పరీక్ష ఖర్చే, అయినా వాయిదా వేయొద్దు. తెలిసిన పదార్థమే అని ముందే తేలితే ఏళ్ళు మిగులుతాయి.

ఇంతకీ, ఆకుల పైభాగాన్ని హైపోక్లోరైట్‌తో (బ్లీచ్‌తో) శుభ్రం చేశాక చివరగా కడిగిన నీళ్ళను ప్లేటు మీద వేసి చూశారా? అందులో ఏమీ మొలవకపోతేనే మీ ఫంగస్ ఆకు లోపలిదని గైడ్‌కు గట్టిగా చెప్పగలరు.