డేటాస్టోర్‌ను వీఎంఎఫ్ఎస్ 6కు మార్చడం ఎలా?

ప్రశ్న: మా కార్యాలయంలోని మూడు ఈఎస్ఎక్స్ఐ (ఒకే సర్వర్‌పై పలు వర్చువల్ మెషీన్లను నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) సర్వర్ల ఉమ్మడి డేటాస్టోర్ (ఆ మెషీన్ల ఫైళ్లుండే నిల్వ స్థలం) ఇంకా వీఎంఎఫ్ఎస్ (ఆ నిల్వకు వాడే ఫైల్ సిస్టమ్) 5లోనే ఉంది. వర్చువల్ మెషీన్లను ఆపకుండా 6కు మార్చుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మెషీన్లను ఆపనక్కరలేదు గానీ, 3 నుంచి 5కు మారినప్పటిలా ఉన్నచోటనే మార్చే వీలు ఈసారి లేదు. ముందుగా బ్యాకప్ తీసి, హుద్‌హుద్‌ను చూసిన ఊరు కనుక, దానిని మరో భవనంలో ఉంచండి. తరువాత కొత్త లన్ (స్టోరేజ్ పరికరంలో సర్వర్లకు కేటాయించే డిస్క్ భాగం)పై వీఎంఎఫ్ఎస్ 6 డేటాస్టోర్‌ను సృష్టించి, నడుస్తున్న మెషీన్ ఫైళ్లను వేరే డేటాస్టోర్‌కు మార్చే స్టోరేజ్ వీమోషన్‌తో మెషీన్లను ఒక్కొక్కటిగా అక్కడికి తరలించి, పాతది పూర్తిగా ఖాళీ అయిందని నిర్ధారించుకున్నాకే తొలగించాలి. ఇక్కడే పొరబడే ప్రమాదం ఎక్కువ: జాబితాలో మెషీన్ ఏదీ కనిపించకపోయినా ఐఎస్ఓ ఫైళ్లు, టెంప్లేట్లు, నమోదు తొలగించిన మెషీన్ల వీఎండీకే (వర్చువల్ డిస్క్) ఫైళ్లు మిగిలి ఉండవచ్చు, డేటాస్టోర్ బ్రౌజర్‌లో ప్రతి ఫోల్డరూ తెరిచి చూడండి. వీఎంఎఫ్ఎస్ 6 వచ్చింది 2016లో, వీస్ఫియర్ (ఈఎస్ఎక్స్ఐ భాగంగా ఉండే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ సముదాయం) 6.5తో, మూడింటిలో ఏ సర్వరైనా 6.0లోనే ఉంటే అది కొత్త డేటాస్టోర్‌ను చదవలేదు.