డైపర్ మానని బాబుని ప్లేస్కూల్‌కి పంపాలా, ఆగాలా?

మాది గాజువాక. మావారు స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టుల్లో పనిచేస్తారు. బాబుకి రెండేళ్ల ఏడు నెలలు. నేను మళ్లీ ఉద్యోగంలో చేరాలి కాబట్టి జూన్ రెండో వారం నుంచి ఇంటి దగ్గరి ప్లేస్కూల్‌కి పంపుదామని ఫీజు కట్టేశాం. పూటకి మూడు గంటలే. బాబు సుస్సు ఒక్కోసారి చెబుతాడు, ఒక్కోసారి తడిపాక చెబుతాడు. దొడ్డికి మాత్రం డైపర్ వేస్తేనే వెళ్తాడు, అదీ వెనక గదిలో తలుపు చాటున నిలబడి. బాత్రూమ్‌లో కూర్చోబెడితే బిగుసుకుపోయి ఏడుస్తాడు. రెండు మూడు రోజులకోసారి, గట్టిగా వెళ్తాడు. స్కూలువాళ్లు డైపర్ మాన్పించి పంపమన్నారు. మా అత్తగారిది శ్రీకాకుళం. 'మా పిల్లలకి ఏడాదికే అలవాటైపోనాది, ఈ కాలం తల్లులకి ఒళ్లు వంగదు' అంటారు. మొన్న పరుపు తడిపాడని కోపంలో రెండు దెబ్బలు వేశాను. అప్పట్నుంచి తడిపితే మంచం కిందికి దూరిపోతున్నాడు. ట్రైనింగ్ అయిపోయిందని చెప్పి, ప్యాంట్ డైపర్ వేసి పంపేయనా? లేక ఈ ఏడాది మానేయనా? రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

- ఒక తల్లి, విశాఖపట్నం

అమ్మా, మీ ఉత్తరంలో నా కన్ను ముందు ఆ తలుపు చాటు దగ్గరే ఆగింది. మీరు దాన్ని సమస్యగా రాశారు. ఒక్కసారి వాడి వైపు నుంచి చూడండి. కడుపులో కదలిక వాడికి ముందే తెలిసింది. ఆడుతున్న ఆట ఆపాడు. నలుగురిలో చేసే పని కాదని మరుగు వెతుక్కున్నాడు, అక్కడికి చేరేదాకా బిగబట్టుకున్నాడు. ఏ పిల్లాడికైనా నేర్పడానికి కష్టమైన భాగం ఇదే. మీవాడు దాన్ని తనంతట తానే నేర్చేసుకున్నాడు. ఇక జరగాల్సింది ఆ చోటు తలుపు వెనక నుంచి బాత్రూమ్ దాకా మారడమే.

మీ అత్తగారి మాటలో అబద్ధం లేదు. కాళ్లు చాపుకుని, పసివాణ్ని పాదాల మీద కూర్చోబెట్టుకుని 'స్స్స్' అంటే పని జరిగిపోయేది. మా ఇంట్లోనూ అలాగే చేశారు. కాకపోతే ఆ పద్ధతిలో వేళ కనిపెట్టేది పెద్దవాళ్లు. పాలు తాగిన కాసేపటికి, నిద్ర లేవగానే, పిల్లాణ్ని చూసుకోవడమే పనిగా ఒక మనిషి ఉండేది. బిడ్డ తనంతట తాను చెప్పి, చెడ్డీ దించుకుని వెళ్లడం వేరే సంగతి. పగటిపూట ఆ అలవాటు చాలామంది పిల్లలకు రెండు, మూడేళ్ల మధ్యే కుదురుతుంది. మూడు దాటాక కుదిరేవాళ్లూ ఉన్నారు. మగపిల్లలు సాధారణంగా ఒక అడుగు వెనకే ఉంటారు. మా అమ్మాయికే మూడున్నర పట్టింది, ఆ ఏడాది పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను, అడిగేవాళ్లకి భయపడి! కాబట్టి మీ నిద్ర ఎందుకు పోయిందో నాకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ముందు చూడాల్సింది మలబద్ధకం. రెండు మూడు రోజులకోసారి గట్టిగా వెళ్తున్నాడంటే నొప్పి ఉండే ఉంటుంది. నొప్పి పుట్టిందని ఆపుకుంటాడు, ఆపుకున్నకొద్దీ గట్టిపడుతుంది, ఈసారి ఇంకా నొప్పి. వాడు బాత్రూమ్‌ని చూసి ఏడవడం మొండితనం కాకపోవచ్చు. పైగా పేగులో నిండి ఉన్నది మూత్రాశయాన్ని నొక్కుతుంది కాబట్టి సుస్సు కూడా అదుపు తప్పుతుంది. అంటే ఒక సమస్య తీరితే రెండోది సగం తీరవచ్చు. పాలు రోజుకి అరలీటరు దాటనివ్వకండి. అన్నం తినడం లేదని పాలు పట్టే ఇళ్లలో ఈ తంటా నేను తరచూ చూస్తుంటాను. నీళ్లు, బొప్పాయి, జామపండు, పప్పులో ఆకుకూర పెట్టండి. వారం పది రోజుల్లో మెత్తబడకపోతే పిల్లల డాక్టర్‌కి చూపించండి. రక్తం కనిపించినా, పొట్ట ఉబ్బినా, చెడ్డీకి పల్చగా అంటుతున్నా అంతవరకూ ఆగొద్దు. డాక్టర్ మందిచ్చి కొన్ని వారాలు వాడమంటే, రెండు రోజులు సాఫీగా వెళ్లాడని మధ్యలో ఆపేయకండి. తమలపాకు తొడిమకి ఆముదం రాసి పెట్టడం, సబ్బుముక్క పెట్టడం ఎవరు చెప్పినా వద్దు. అసలే అక్కడ ముట్టుకుంటే భయపడుతున్న పిల్లాడు.

ఇక చోటు మార్చడం. బొమ్మలూ పాటలూ వచ్చే పాటీ అక్కర్లేదు, కింద గట్టిగా నిలబడేది చాలు. దాన్ని తీసుకెళ్లి ఆ తలుపు వెనకే పెట్టండి. కొన్నాళ్లు డైపర్‌తోనే దాని మీద కూర్చోనివ్వండి. తర్వాత డైపర్ వదులుగా. ఆ తర్వాత డైపర్ పాటీలో పరిచి. పాటీ కూడా రోజుకి కాస్త బాత్రూమ్ వైపు జరగాలి. వినడానికి నవ్వులాటలా ఉంటుంది కానీ, డైపర్ లేకపోతే వెళ్లనని భీష్మించుకున్న పిల్లలకి ఇదే పనిచేస్తుంది. తిన్న పావుగంటకీ అరగంటకీ మధ్య పేగు కదులుతుంది, ఇడ్లీ తిన్నాక ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి, అంతకు మించి వద్దు. కమోడ్ మీద అయితే కాళ్లు గాల్లో వేలాడకూడదు, కింద పీట వేయాలి. కాలికి ఆనిక లేనివాడికి ముక్కడం రాదు. ఫ్లష్ వాడు బయటికొచ్చాక నొక్కండి, ఆ చప్పుడుకి ఠారెత్తిపోయే పిల్లలు ఎందరో.

ఆ దెబ్బల సంగతి. మీరు దాచకుండా రాశారు, అందుకే నేనూ సూటిగా చెబుతాను. మంచం కిందికి దూరడం ఆ దెబ్బల వల్లే. తడిపితే కొడతారని తెలిసిన పిల్లాడు తడపడం మానడు, చెప్పడం మానేస్తాడు. ఈరోజే దగ్గర కూర్చోబెట్టుకుని 'అమ్మ కొట్టింది, తప్పు, ఇంక కొట్టదు' అనండి. రెండున్నరేళ్లవాడికి ఏం అర్థమవుతుందిలే అనుకోకండి, అవుతుంది. ఈసారి తడిపితే ఒకటే మాట: 'తడిసిందా, పద మార్చుకుందాం.' నేల తుడిచేటప్పుడు మీ మొహం కూడా ఆ మాట లాగే ఉండాలి. కష్టమే, ముఖ్యంగా వెనకనుంచి అత్తగారు చూస్తున్నప్పుడు.

స్కూల్‌కి అబద్ధం చెప్పొద్దు. మొదటిరోజే ఆయా చేతిలో బయటపడుతుంది, ఆ మొహమాటం వాడి మీదికి వెళ్తుంది. ఒకసారి వెళ్లి మాట్లాడండి. 'సుస్సు చెబుతున్నాడు, అప్పుడప్పుడు తప్పుతాడు. రెండోది ఇంట్లోనే చేస్తాడు' అని చెప్పండి. అది నిజమే కదా. మూడు గంటల స్కూల్‌కి దొడ్డికి వెళ్లడం నేర్చుకుని తీరాల్సిన పని లేదు, ఇంటికొచ్చాక డైపర్‌లో వెళ్తే కొంప మునగదు. మీకు జూన్ లోపల కావాల్సింది సుస్సు మాత్రమే. నిద్ర లేవగానే, స్కూల్‌కి బయల్దేరే ముందు ఒకసారి తీసుకెళ్లడం ఇప్పట్నుంచే అలవాటు చేయండి.

వెళ్లినప్పుడు మీరూ కొన్ని కనుక్కోండి. ఎంతమంది పిల్లలకి ఒక ఆయా? తడిపితే ఎవరు మారుస్తారు, ఎక్కడ మారుస్తారు? టాయిలెట్ గది మీ కళ్లతో చూడండి. మీవాడు సుస్సుని ఏమంటాడో టీచర్‌కీ ఆయాకీ చెప్పండి. ఇంట్లో 'సుస్సు' అనేవాణ్ని అక్కడ 'వాష్‌రూమా?' అని ఇంగ్లీషులో అడిగితే వాడు తల అడ్డంగా ఊపి, రెండు నిమిషాల్లో బెంచీ తడుపుతాడు. ఇలాంటివి ఎన్ని చూశానో! యూనిఫాం నిక్కరుకి హుక్కూ బొత్తాలూ ఉంటే కొన్నాళ్లు ఎలాస్టిక్‌ది వేస్తామని అడగండి. బ్యాగులో మూడు జతలు, తడిబట్టలకి కవరు, ఒక జత చెప్పులు ఉండాలి. చెప్పులు అందరూ మర్చిపోతారు. కడిగేటప్పుడు టీచర్, ఆయా తప్ప ఎవరూ సాయం చేయకూడదని వాడికీ చెప్పి ఉంచండి.

అవన్నీ విన్నాక కూడా వాళ్లు మొహం చిట్లించి 'తడిపితే ఫోన్ చేస్తాం, వచ్చి తీసుకెళ్లండి' అంటే, కట్టిన ఫీజు పోయినా సరే వేరే చోటు వెతకమంటాను. రెండున్నరేళ్ల పిల్లల్ని తీసుకుంటూ తడిబట్టలు మేం మార్చం అనడం నాకు మింగుడుపడని విషయం.

ఏడాది మానేస్తే నష్టం ఉందా అంటే, చదువుకైతే లేదు. 2020 జాతీయ విద్యా విధానం లెక్కలో పునాది దశ మూడేళ్లకి మొదలవుతుంది, ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి. కానీ మీరు పంపాలనుకున్నది మీ ఉద్యోగం కోసం. అదీ న్యాయమైన కారణమే, దానికి తలొంచుకోనక్కర్లేదు. మీ ఆఫీసులో 50 మందో అంతకంటే ఎక్కువో ఉంటే క్రెష్ (పనివేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు) సౌకర్యం ఉండాలని 2017లో చట్టం సవరించారు, చేరేముందు ఒకమాట అడిగి చూడండి. పంపాక మొదటి రెండు మూడు వారాలు, వచ్చిన అలవాటు కూడా తప్పవచ్చు. కొత్త చోట అది మామూలే, కంగారుపడి అన్నీ మొదటికొచ్చాయనుకోకండి.

మీ ఉత్తరంలో మీవారు రెండో వాక్యంలో కనిపించి మళ్లీ కనిపించలేదు. షిఫ్టుల మనిషే, ఒప్పుకుంటాను. బి షిఫ్టు (మధ్యాహ్నం డ్యూటీ) వారంలో పొద్దున్నపూట ఇంట్లోనే ఉంటారుగా. ఆ వారం బాబుని బాత్రూమ్‌కి తీసుకెళ్లే పని ఆయనది. మగపిల్లాడు నాన్నని చూసి నేర్చుకున్నంత తొందరగా అమ్మ చెబితే నేర్చుకోడు. మధ్యాహ్నం స్కూల్ నుంచి తెచ్చి అన్నం పెట్టేది అత్తగారైతే, ఆ పీట ఆవిడ చేతికే ఇవ్వండి. 'అత్తయ్యా, మీకు ఓపికెక్కువ, తిన్నాక ఐదు నిమిషాలు మీరు కూర్చోబెట్టండి, మీరు కథ చెబితే కదలడు' అనండి. ఏడాదికే నేర్పిన చేయి కదా, ఊరికే ఉండదు.

రాత్రి డైపర్ జోలికి ఇప్పుడు వెళ్లకండి. నిద్రలో అదుపు వేరే లెక్క, ఐదేళ్లదాకా పక్క తడపడాన్ని డాక్టర్లు జబ్బు కింద చూడరు. పగలు మాత్రం విశాఖ ఉక్కకి డైపర్ తీసేస్తే వాడి తొడల మీద పేలి ఉంటే అదీ తగ్గుతుంది. పూర్ణా మార్కెట్ వైపు వెళ్తే డజను కాటన్ చెడ్డీలు తెచ్చుకోండి, వానలు మొదలయ్యాక డాబా మీద ఆరేసినవి సాయంత్రానికి ఆరవు.