బరువు తగ్గాలి, మన్నిక పెరగాలి: వేట పడవలో బ్యాటరీ

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: మాది ఉప్పాడ తీరం. తొమ్మిది మీటర్ల ఫైబర్ పడవ మీద నలుగురం వేటకు వెళ్తాం. అర్ధరాత్రి బయల్దేరితే మర్నాడు మధ్యాహ్నానికి ఒడ్డు చేరతాం. పడవలో చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్, రేడియోలో మాట్లాడుకోవడానికి వీహెచ్‌ఎఫ్ సెట్టు, రెండు చిన్న ఎల్‌ఈడీ దీపాలు ఉన్నాయి. ఫోన్ల ఛార్జింగు కూడా బ్యాటరీ మీదే. ఇంజనును చేత్తో తిప్పే స్టార్టు చేస్తాం. ఇన్నాళ్ళూ లారీలకు వేసే యాసిడ్ బ్యాటరీ వాడాం. దాన్ని రోజూ ఇంటి నుంచి ఇసకలో మోసుకుపోవడం నడుం విరిగే పని. పైగా ఏడాది తిరక్కుండానే పోతోంది. లిథియం బ్యాటరీ తేలిక, మన్నిక అంటున్నారు గానీ ధర భయపెడుతోంది. ఏది కొనమంటారు? ఎంత సామర్థ్యం ఉన్నది కొనాలి?

జవాబు: మీరు కొన్న బ్యాటరీలు నాసిరకానివి కాకపోవచ్చు. లారీ బ్యాటరీ ఇంజను స్టార్టు చేయడానికి పుట్టింది. కొన్ని క్షణాలపాటు వందల ఆంపియర్లు ఇచ్చి, ఆ ఖర్చును ఇంజను నడుస్తుండగానే తిరిగి నింపుకొనేందుకు వీలుగా దాని లోపలి సీసపు పలకలను పల్చగా, ఎక్కువ సంఖ్యలో అమరుస్తారు. మీరేమో రాత్రంతా కొంచెం కొంచెంగా తోడి, ఒడ్డుకు వచ్చేసరికి అడుగంటిస్తున్నారు. రోజూ అలా అడుగుదాకా దిగితే పలకల మీది ముద్ద ఊడి కింద పేరుకుంటుంది, మిగిలినదాని మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఏడాదిలోపు పోవడంలో వింత లేదు. అదే రకం బ్యాటరీని మరింత పేరున్న దుకాణంలో కొన్నా ఇదే జరుగుతుంది.

ముందుగా ఒక వేటకు ఎంత కరెంటు ఖర్చవుతుందో కాగితం మీద వేసుకోండి. ఫిష్ ఫైండర్ 15 వాట్లది అనుకుంటే పన్నెండు గంటలకు 180 వాట్-అవర్లు. దీపాలు రెండూ కలిసి 10 వాట్లు తీసుకుంటూ ఆరు గంటలు వెలిగితే 60. (దీపాలంటే ఇక్కడ పడవలో వెలుతురుకు పెట్టుకునేవే. చేపలను రప్పించే పెద్ద ఎల్‌ఈడీ దీపాలతో వేటాడటాన్ని కేంద్రం 2017 నవంబరులోనే నిషేధించింది కనుక ఆ లెక్క వేయడం లేదు.) వీహెచ్‌ఎఫ్ సెట్టు వింటూ ఉన్నంతసేపు ఐదారు వాట్లకు మించి తీసుకోదు, దానికి 65. మాట్లాడేటప్పుడు 25 వాట్ల సెట్టు ఐదారు ఆంపియర్లు లాగినా, అందరూ కలిసి పావుగంట మాట్లాడితే అయ్యేది 16 లేదా 17. నాలుగు ఫోన్లకు 60 వేసుకుందాం. మొత్తం 380కి కాస్త అటూ ఇటూ. మీ సామాన్ల వెనుక చీటీల మీద వాట్లు రాసి ఉంటాయి, వాటిని బట్టి ఈ అంకెలను సరిదిద్దుకోండి.

ఇప్పుడు బ్యాటరీ. యాసిడ్ బ్యాటరీ ఏదైనా సరే, సగానికి మించి వాడితే ఆయుష్షు వేగంగా తరుగుతుంది. కాబట్టి 380 వాడుకోవడానికి కనీసం 760 వాట్-అవర్లది, అంటే 12 వోల్టుల్లో 65 ఏహెచ్‌ది (ఆంపియర్-అవర్లది) కావాలి. ఇంజను మొరాయించి సముద్రంలోనే ఉండిపోవలసి వస్తే ఆదుకోవడానికి కొంత మిగలాలి కనుక అది 80, 100 ఏహెచ్‌కు చేరుతుంది. రోజూ లోతుగా వాడినా తట్టుకునేది సోలార్ ట్యూబులర్ రకం. 100 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ముప్పై కిలోలు దాటుతుంది. దాన్ని ఇసకలో మోయడమంటే ఇద్దరు మనుషుల పని. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలోనైతే ఎనభై శాతం దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు గనుక మీకు 50 ఏహెచ్ చాలు. 12.8 వోల్టుల చొప్పున అందులో 640 వాట్-అవర్లు ఉంటాయి, బరువు ఆరు కిలోలకు అటూ ఇటూ. వేట ముగిశాక మిగిలే దానితో ఒక దీపం, వీహెచ్‌ఎఫ్ సెట్టు మరో పన్నెండు గంటలు ధీమాగా నడుస్తాయి. చేపల బుట్ట కన్నా తేలికైన ఆ పెట్టెను ఒక్కరే ఒంటిచేత్తో ఇంటికి పట్టుకుపోవచ్చు.

అదే ఏహెచ్‌కు పోల్చి చూస్తే లిథియం ధర యాసిడ్ రకానికి రెండింతలో మూడింతలో ఉన్నట్టు కనబడుతుంది. అయితే మీకు కావలసింది సగం సామర్థ్యమే కదా. పైగా ఎనభై శాతం దాకా వాడుతూ రెండు వేలసార్లకు పైగా నింపుకోవచ్చని తయారీదారులు చెప్పే రకమిది. ఏడాదికి రెండు వందల వేటలు అనుకుంటే కాగితం మీద పదేళ్ళు. ఉప్పుగాలిలో, ఎండలో పదేళ్ళని నేను మాట ఇవ్వను గానీ, ఏటా ఒక లారీ బ్యాటరీ కొనే ఖర్చుతో పోలిస్తే మీకు లాభమే. వారానికి ఒకటి రెండు రోజులు, అదీ దీపం వెలిగించుకునేంత మేరకే వాడేవారు మాత్రం యాసిడ్ బ్యాటరీతో సరిపెట్టుకోవచ్చు. పాతబడ్డాక దాన్ని దుకాణంలో తిరిగిచ్చినా సీసానికి ఎంతో కొంత వస్తుంది.

లిథియం అన్న పేరు చూసి మోసపోకండి. ఫోన్లలో ఎక్కువగా వాడే రకం వేరు, నేను చెబుతున్న ఐరన్ ఫాస్ఫేట్ రకం వేరు. మొదటిది వేడెక్కితే అంటుకునే ప్రమాదం ఎక్కువ, సముద్రం మధ్యలో దాని నుంచి పారిపోయే చోటు ఉండదు. రెండోది కూడా నిప్పుకు అతీతమైనది కాదు గానీ చాలా నెమ్మదైనది. చీటీ మీద 12.8 వోల్టులని ఉంటే ఇది (ఒక్కొక్కటి 3.2 వోల్టుల సెల్లులు నాలుగు), 11.1 వోల్టులని ఉంటే అది. ఇంకొక పరీక్ష మీ చేతిలోనే ఉంది. చేపలు తూచే కాటా మీద బ్యాటరీని పెట్టించండి. అసలైన 100 ఏహెచ్ ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు ఒక్కొక్కటే రెండు కిలోల దాకా ఉంటుంది. నాలుగు సెల్లులు, డబ్బా, లోపలి సర్క్యూటు కలిసి పది కిలోలు దాటాలి. 100 ఏహెచ్ అని రాసి ఉన్నది ఆరు కిలోలే తూగితే, ఆ అంకె చీటీ మీదే ఉందని అర్థం. 50 ఏహెచ్‌ది నాలుగు కిలోలు కూడా తూగకపోతే డబ్బు జేబులో పెట్టుకుని వచ్చేయండి. వాడేసిన సెల్లులను కొత్త డబ్బాలో పెట్టి అమ్మేవారూ ఉన్నారు, దాన్ని బరువు పట్టివ్వదు. అందుకే రాతపూర్వకమైన గ్యారంటీ, అందులో తయారీ నెల ఉండాలని పట్టుబట్టండి.

ఒక తేడాకు మాత్రం మనసులో సిద్ధపడి ఉండాలి. యాసిడ్ బ్యాటరీ అయిపోయే ముందు ముసలివాడిలా మూలుగుతుంది. దీపం మసకబారుతుంది, సెట్టులో గొంతు తగ్గుతుంది. లిథియం బ్యాటరీ చివరిదాకా ఒకే తీరున పనిచేసి, సెల్లు వోల్టేజీ 2.5కు దిగగానే లోపలి రక్షణ సర్క్యూటు, అంటే బీఎంఎస్, ఒక్కసారిగా తలుపు మూసేస్తుంది. ఆ క్షణంలో పడవంతా చీకటే. వోల్టుల మీటరు చూసి ఎంత మిగిలిందో చెప్పడం కూడా కష్టం, ఎందుకంటే నిండుగా ఉన్నా, పావు వంతు మిగిలినా అది దాదాపు 13 దగ్గరే నిలబడి ఉంటుంది. లోపలికి వెళ్ళిన, బయటికి వచ్చిన ఆంపియర్లను లెక్కపెట్టే చిన్న మీటరు ఒకటి అదనంగా పెట్టుకోండి. విడిగా ఒక టార్చిలైటు కూడా ఉంచుకోండి.

ఇక ఉప్పునీరు. మా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో చాలావాటికి బ్యాటరీతో సంబంధం లేదు, వైరు కొసే కారణం. టెర్మినల్ దగ్గర పచ్చగా చిలుము పట్టిన వైరును చాకుతో గీసి చూస్తే రాగి మెరవదు, నల్లగా పొడిపొడిగా రాలుతుంది. కళాయి పూసిన రాగి వైరు కొనండి, క్లిప్పులకు బదులు బోల్టుతో బిగించే లగ్గులు వాడండి, బిగించిన తరువాత వ్యాజ్‌లైన్ పూయండి. ప్లస్ టెర్మినల్ పక్కనే, జానెడు దూరం దాటకుండా, ఫ్యూజు ఉండాలి. మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో బ్యాటరీని పెట్టి, పడవ అడుగున చేరే నీటికి అందనంత ఎత్తులో, కెరటాలకు కదలకుండా తాడుతో కట్టండి. యాసిడ్ బ్యాటరీనే ఉంచుకునేవారికి మరో హెచ్చరిక: అందులోకి సముద్రపు నీరు చేరితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూతి దగ్గర ఘాటు వాసన వస్తే ముఖం అటు పెట్టకండి.

ప్రశ్న: వాడరేవులో మా పడవకు లిథియం బ్యాటరీ పెట్టాం. పాత సోలార్ ప్యానెల్‌కే కలిపాం. మధ్యాహ్నం ఎండ మండుతుండగా సామాన్లన్నీ ఆగిపోతున్నాయి, సాయంత్రానికి వాటంతటవే పనిచేస్తున్నాయి. బ్యాటరీ పాడైందా?

జవాబు: బ్యాటరీ బాగుంది, ప్యానెల్‌కు దానికి మధ్య ఉన్న కంట్రోలరు మీద నాకు అనుమానం. పాత కంట్రోలర్లు ట్యూబులర్ బ్యాటరీల కోసం చేసినవి. వాటిలో కొన్ని అప్పుడప్పుడు 15 వోల్టుల దాకా ఎక్కించి యాసిడ్‌ను కలియబెడతాయి. మీ బ్యాటరీకి 14.6 దాటకూడదు. దాటగానే బీఎంఎస్ తనను తాను కాపాడుకోవడానికి తలుపు మూస్తుంది, ఎండ తగ్గాక తెరుస్తుంది. ఐరన్ ఫాస్ఫేట్ రకానికి విడిగా సెట్టింగు ఉన్న కంట్రోలరు వేయించండి. ఇంటి దగ్గర నింపే ఛార్జరుకూ ఇదే నియమం. సెల్ఫ్ స్టార్టు ఇంజను ఉన్నవారు స్టార్టుకు ఒక చిన్న యాసిడ్ బ్యాటరీని వేరుగా ఉంచుకోవడం మేలు, స్టార్టరు తీసుకునే కరెంటును చిన్న లిథియం బ్యాటరీలోని బీఎంఎస్ తట్టుకోలేదు.

ప్రశ్న: వేట నిషేధం రోజుల్లో బ్యాటరీని ఏం చేయాలి? పోయినేడు జూన్‌లో తీసి చూస్తే చచ్చి ఉంది. (భావనపాడు నుంచి)

జవాబు: మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. అవే ఏడాదిలోకెల్లా మండే రోజులు కూడా. యాసిడ్ బ్యాటరీ ఖాళీగా ఉండకూడదు. డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసి నిండా ఛార్జి చేసి, మళ్ళీ మే నెల మధ్యలో ఒకసారి నింపాలి. నింపేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది గనుక పొయ్యి ఉన్న గదిలో పెట్టకూడదు. లిథియం బ్యాటరీకి దీనికి విరుద్ధం, సగం ఛార్జితో వదిలేయడమే మంచిది. అయితే ఫిష్ ఫైండరు, మీటరు వంటివి ఆపేసినట్టు కనిపించినా కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి కాబట్టి వైర్లన్నీ ఊడదీయండి. రేకుల షెడ్డులోని పడవలో వదలకండి, ఇంట్లో నీడపట్టున నేలమీద ఒక చెక్క వేసి దాని మీద ఉంచండి. జూన్ రెండో వారంలో నిండా ఛార్జి చేసి, పడవ దింపే ముందు ఇంటి దగ్గరే దీపాలు తగిలించి ఒక రాత్రంతా వెలిగించి చూడండి. తెల్లారేదాకా వెలిగితేనే సముద్రానికి తీసుకెళ్ళండి.