పాత కంప్యూటర్‌కు కొత్త ర్యామ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు చాలావరకు ఒకే దగ్గరికి వచ్చి ఆగాయి. సిస్టమ్ స్లో అయింది, ర్యామ్ (కంప్యూటర్ పని చేస్తున్నంతసేపు వాడుకునే తాత్కాలిక మెమరీ) వేయిస్తే బాగవుతుందా అని కొందరు, వేయించాం కానీ ఏం మారలేదు అని ఇంకొందరు. అందుకే ఈ సంచికలో మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి ర్యామ్ గురించే మాట్లాడుకుందాం.

ప్రశ్న: సార్, మాది నల్లగొండ. నేను స్కూల్ టీచర్‌ని. 2018లో కొన్న డెస్క్‌టాప్ ఉంది, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేసి వంటింట్లోకి వెళ్లి చాయ్ పెట్టుకుని వచ్చినా ఆ చుక్కలు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. మా బాబు ఎప్‌సెట్ క్లాసులు దాంట్లోనే వింటాడు. క్లాక్ టవర్ దగ్గర ఒక షాపులో అడిగితే 8 జీబీ ర్యామ్ వేయించండి, కొత్తదానిలా ఉరుకుతుంది అన్నారు. వేయించమంటారా?

జవాబు: మేడం, డబ్బులు కట్టే ముందు ఒక్క పని చేయండి. సిస్టమ్ ఆన్ అయ్యాక ఏదీ తెరవకుండా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పర్ఫార్మెన్స్ అనే చోటికి వెళితే మెమరీ ఎంత శాతం వాడకంలో ఉందో, డిస్క్ ఎంత శాతం బిజీగా ఉందో పక్కపక్కనే కనిపిస్తాయి. మెమరీ 60 దగ్గర ఉండి, డిస్క్ మాత్రం 100 మీదే అతుక్కుపోయి ఉంటే జబ్బు హార్డ్ డిస్క్‌ది. చాయ్ పెట్టుకుని వచ్చినా లేవడం లేదంటున్నారు కాబట్టి నా అనుమానం కూడా దాని మీదే. వాకిలి ఇరుకైనప్పుడు లోపల గదులు పెంచితే ఏం లాభం చెప్పండి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మెమరీ చాలనప్పుడు విండోస్ కొంత సరుకును హార్డ్ డిస్క్ మీదికి నెట్టి, కావాలన్నప్పుడు మళ్లీ వెనక్కి తెచ్చుకుంటుంది, అంటే ర్యామ్ కొరత వల్ల కూడా డిస్క్ 100 చూపించవచ్చు. అందుకని రెండోసారి కూడా చూడాలి. బాబు క్లాసు నడుస్తుండగా, క్రోమ్‌లో నాలుగైదు ట్యాబులు తెరిచి ఉన్నప్పుడు మెమరీ 90 దాటి, ట్యాబు మారిస్తే చాలు స్క్రీన్ తెల్లగా నిలబడిపోతుంటే అప్పుడు ర్యామ్ కూడా తక్కువే. 4 జీబీతో ఈ రోజుల్లో అలా కావడం మామూలే.

నన్నడిగితే మీకు రెండూ కావాలి. ఈ నెల ఒక్కటే కొనగలిగితే ముందు 256 జీబీ ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ పనినే చాలా వేగంగా చేసే కొత్త రకం డిస్క్) కొని విండోస్ దాని మీద వేయించండి. పాత హార్డ్ డిస్క్ పారేయకండి, ఫొటోలూ వీడియోలూ అందులోనే ఉంచుకోవచ్చు. వచ్చే నెల ర్యామ్. దానికి కూడా టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో అడుగున స్లాట్స్ యూజ్డ్ (ర్యామ్ గుచ్చే చోట్లు ఎన్ని వాడకంలో ఉన్నాయో) అని ఉంటుంది చూడండి, రెండింట్లో ఒకటే వాడకంలో ఉంటే ఉన్న 4 జీబీ తీసే పనే లేదు, పక్కన ఇంకొకటి పెట్టుకోవచ్చు. వేర్వేరు స్పీడువి పెడితే రెండూ తక్కువదాని స్పీడుకు దిగివచ్చి నడుస్తాయి, దానికి టెన్షన్ పడక్కర్లేదు. కానీ డీడీఆర్3, డీడీఆర్4 అనేవి ర్యామ్‌లో రెండు తరాలు, డీడీఆర్3 ఉన్న మదర్‌బోర్డులో డీడీఆర్4 పట్టదు, మధ్యలో ఉండే గాటు వేరే చోట ఉంటుంది, గట్టిగా నొక్కితే స్లాటు విరుగుతుంది తప్ప స్టిక్ (ర్యామ్ పలక) కూర్చోదు. 2018 నాటికి రెండు రకాల బోర్డులూ మార్కెట్లో ఉన్నాయి కాబట్టి మీది ఏదో చూసుకున్నాకే షాపుకు వెళ్లండి.

ఇంకో మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ ప్రాసెసర్ ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచే విండోస్ 11 జాబితాలో ఉంటుంది. ఏడో జనరేషన్ అయితే ఈ మెషిన్ మీద ఎస్ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ వరకు ఖర్చు పెట్టి అక్కడితో ఆపేయడం మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: అన్నా, కల్వకుర్తిలో డీటీపీ సెంటర్ నడుపుతున్న. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీల డిజైన్. ఫొటోషాప్ నెమ్మదించిందని 8 జీబీ ర్యామ్ వేయించిన. కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో 8 జీబీ అని చూపిస్తూనే పక్కన 3.2 మాత్రమే యూజబుల్ అని వస్తున్నది. డూప్లికేట్ ర్యామ్ అంటగట్టిండని షాపాయనతో గొడవ కూడా అయింది. విండోస్ 7 వాడుతున్న.

జవాబు: తమ్ముడూ, ముందు వెళ్లి ఆ షాపాయనతో రాజీ పడు. ర్యామ్ అసలుదే. నువ్వు చూసిన ఆ పేజీలోనే కొద్దిగా కిందికి సిస్టమ్ టైప్ అని ఉంటుంది, అక్కడ 32 బిట్ అని ఉంటుంది చూడు. 32 బిట్ విండోస్ 7కు మొత్తం 4 జీబీ వరకే లెక్క తెలుసు, అందులోనూ గ్రాఫిక్స్ కార్డుకూ మిగతా హార్డ్‌వేర్‌కూ కొంత చోటు పోతుంది. మిగిలిందే నీకు కనిపిస్తున్న 3.2. నువ్వు 16 జీబీ వేయించినా అంతకు మించి వాడుకోదు.

64 బిట్ విండోస్ వేయిస్తేనే దారి. ఉన్నదాని మీద అప్‌గ్రేడ్ కుదరదు, కొత్తగా వేయాలి, కాబట్టి నీ డిజైన్లన్నీ, ముఖ్యంగా డెస్క్‌టాప్ మీద పరిచిపెట్టుకున్న ఫైళ్లూ ఫాంట్లూ ముందు వేరే డిస్కులోకి కాపీ చేసుకో. ఎలాగూ కొత్తగా వేస్తున్నప్పుడు మళ్లీ 7 ఎందుకు, దాని సపోర్ట్ 2020 జనవరిలోనే అయిపోయింది. అయితే డీటీపీ వాళ్లకు అసలు తలనొప్పి వేరే ఉంది. పేజ్‌మేకర్ లాంటి పాత 32 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్ మీద సాధారణంగా నడుస్తాయి కానీ డ్రైవర్లు (ప్రింటర్ లాంటి వాటిని విండోస్‌తో కలిపే ప్రోగ్రాములు) అలా కాదు, అవి 64 బిట్‌వే ఉండాలి. నీ పాత ప్రింటర్‌కూ, స్కానర్‌కూ, యూఎస్‌బీ లాక్ పెడితే తప్ప తెరుచుకోని తెలుగు సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ లాక్‌కూ 64 బిట్ డ్రైవర్ దొరుకుతుందో లేదో ముందే కనుక్కో. పెళ్లిళ్ల సీజన్ నడుస్తుండగా మాత్రం ఈ పని పెట్టుకోకు. ఇంకోటి, పేజ్‌మేకర్ ఒక్కటే తెరుచుకుని కూర్చుంటే నీకు తేడా ఏమీ తెలియదు, అది పెద్దగా మెమరీ అడగదు. 64 బిట్ ఫొటోషాప్ వేసుకుని ఫ్లెక్సీ సైజు ఫైల్ తెరిచినప్పుడు తెలుస్తుంది ఆ 8 జీబీ విలువ.

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఆఫీసులో పక్కన పడేసిన పాత సిస్టమ్ ఇంటికి తెచ్చుకుని నేనే విప్పి 4 జీబీ కొత్త ర్యామ్ పెట్టాను. ఇప్పుడు ఫ్యాన్ తిరుగుతుంది, బీప్ బీప్ అంటుంది, స్క్రీన్ మీద ఏమీ రాదు. పాతది పెట్టినా అంతే.

జవాబు: పాతది పెట్టినా రావడం లేదంటే కొత్త స్టిక్‌ను ఇప్పుడే తిట్టకండి. మిల్లు ఆఫీసులో ఏళ్ల తరబడి ఉన్న సిస్టమ్ కదా, క్యాబినెట్ లోపల ఊక దుమ్ము మెత్తగా పేరుకుని ఉంటుంది, మీరు స్టిక్ తీసి పెట్టినప్పుడు అది స్లాటు లోపలికి దిగి ఉంటుంది. ప్లగ్ పూర్తిగా పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకాక స్టిక్‌ను అంచులు పట్టుకుని తీయండి. అడుగున బంగారు రంగు గీతలు వరుసగా ఉంటాయి, వాటిని పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొట్టు స్లాటులో పడకుండా దూరంగా దులపండి. స్లాటును చిన్న బ్లోయర్‌తో ఊదండి, నోటితో వద్దు, లోపలికి తడి వెళుతుంది. తర్వాత గాటు సరిచూసుకుని, రెండు చివర్లా బొటనవేళ్లు పెట్టి, క్లిప్పు టక్కున పడేదాకా నొక్కాలి. చాలామంది ఇక్కడే భయపడి సగంలో ఆపేస్తారు. ముందు పాతది ఒక్కటే పెట్టి చూడండి, రాకపోతే రెండో స్లాటులో, అది వచ్చాకే కొత్తది.

పాతదానితో ఆన్ అయి కొత్తదానితో కాకపోతే బోర్డు పేరు చూడండి. జీ41 చిప్‌సెట్ బోర్డయితే అది ఒక్కో చిప్‌లో 2 గిగాబిట్ల వరకే చదవగలదు, కాబట్టి 4 జీబీ స్టిక్‌లో రెండు వైపులా కలిపి 16 చిప్పులు ఉన్నదే దానికి పడుతుంది. ఇప్పుడొచ్చేవి ఎక్కువగా 8 చిప్పులవే. మార్చి ఇవ్వమని అడగండి, లేదంటే 2 జీబీవి రెండు పెట్టుకోండి.

ప్రశ్న: వనపర్తి నుంచి డిగ్రీ స్టూడెంట్‌ని. అక్క లాప్‌టాప్ చెడిపోయింది. అందులోని ర్యామ్ మా డెస్క్‌టాప్‌కు వేసుకోవచ్చా?

జవాబు: కుదరదు. లాప్‌టాప్ స్టిక్ దాదాపు సగం పొడవే ఉంటుంది. అడాప్టర్లు అమ్ముతారు, వాటి జోలికి పోకు. అదే రకం లాప్‌టాప్ ఉన్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే అమ్మేయ్.

ప్రశ్న: మహబూబ్‌నగర్ నుంచి రాస్తున్నాను. ర్యామ్ రేట్లు వింటే గుండె ఝల్లుమంటోంది. సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో సెకండ్ హ్యాండ్ చవకగా దొరుకుతుందంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు. ర్యామ్‌లో కదిలే భాగాలు లేవు, హార్డ్ డిస్క్‌లా అరిగిపోయేది కాదు, బాగున్న స్టిక్ ఏళ్లకేళ్లు నడుస్తుంది. మీరన్నట్టు 2025 చివరి నుంచి కొత్తవాటి ధరలు బాగా ఎక్కాయి, ఏఐ సర్వర్లకు కావాల్సిన మెమరీ వైపు కంపెనీలు మళ్లడం దానికి పెద్ద కారణం. ఇంట్లో వర్డ్, యూట్యూబ్ కోసం 8 జీబీ సెకండ్ హ్యాండ్ చాలు. గేములూ వీడియో ఎడిటింగూ లేకుండా 32 జీబీ అంటే దండగ ఖర్చు.

బస్సెక్కే ముందు మీ దగ్గరున్న స్టిక్ మీది స్టిక్కర్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పీసీ3 అని ఉంటే డీడీఆర్3, పీసీ3ఎల్ అంటే అదే తక్కువ వోల్టేజీది, పీసీ4 అంటే డీడీఆర్4. మరీ చవకగా 16 జీబీ ఇస్తున్నారంటే స్టిక్కర్ మీద పీసీ3-12800 లాంటి అంకె పక్కన ఆర్ అక్షరం ఉందేమో చూడండి, అది సర్వర్లలో వాడేది, ఇంటి బోర్డు మీద పని చేయదు. మీకు కావాల్సింది యూ ఉన్నది. షాపులోనే వాళ్ల సిస్టమ్‌లో పెట్టి చూపించమనండి, అయితే స్క్రీన్ వచ్చినంత మాత్రాన స్టిక్ బాగున్నట్టు కాదు కాబట్టి నాలుగు రోజుల్లో మార్చి ఇస్తామని బిల్లు మీద రాయించుకోండి. ఇంటికొచ్చాక స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని వెతికి నడపండి. ఇంకా అనుమానంగా ఉంటే పెన్ డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్షించే ప్రోగ్రామ్ వేసి, దాంతో సిస్టమ్ ఆన్ చేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఒక్క ఎర్రర్ కనిపించినా ఆ తెర ఫొటో తీసుకుని బిల్లుతో సహా వెనక్కి ఇచ్చేయండి.