ప్లాన్ రాసేముందు ఒకసారి సోలిగల పోడుకి వెళ్ళిరా అమ్మలూ

అమ్మలూ,

కర్ణాటక బీఆర్ హిల్స్‌లోని సోలిగ గిరిజనుల కోసం నువ్వు రాసి పంపిన హెల్త్ ప్లాన్ రాత్రి మొత్తం చదివాను. చాలా కష్టపడ్డావు, కాదనను, కానీ అది బెంగళూరు జయనగర్ ఆఫీసులో కూర్చుని రాసిందని రెండో పేజీకే తెలిసిపోయింది, ఎందుకంటే క్యాంపులన్నీ ఏప్రిల్, మే నెలల్లో పెట్టావు. బీఆర్ హిల్స్ సోలిగలకి అది తేనె తీసే కాలం, సగం మంది అడవిలోనే ఉంటారు. నేను నర్సుగా వెళ్ళిన మొదటి ఏడు మేమూ ఇదే తప్పు చేశాం, జీపు నిండా మందులేసుకుని తెల్లారకముందే బయల్దేరితే పోడులో, అంటే వాళ్ళ గూడెంలో, ముసలివాళ్ళు, చంటిపిల్లలు తప్ప ఎవరూ లేరు. అప్పుడొక పెద్దాయన గోడ మీద బొగ్గుతో గీతలు గీసి ఏ నెలలో ఎవరెక్కడుంటారో, రాగులు ఎప్పుడు కోస్తారో, వాళ్ళ రొట్టెల పండగ రొట్టి హబ్బ ఎప్పుడొస్తుందో చెప్పాడు. మా ప్లాన్ నిజంగా మొదలైంది ఆ గోడ దగ్గరే.

కాన్పులు బల్ల మీద పడుకోబెట్టే చెయ్యాలని నువ్వు రాసింది మాత్రం మార్చాలి. సోలిగ ఆడవాళ్ళు పాత రోజుల నుంచీ గొంతుక్కూర్చునే కంటారు. మా సెంటర్లో ఒక పిల్లని బల్ల మీద పడుకోబెడితే రెండు చేతులతో ఇనప కడ్డీ పట్టుకుని దిగిపోవాలని చూసింది, వాళ్ళమ్మ ఏం మాట్లాడకుండా కింద చాప పరిచి, వెనక కూర్చుని నడుం పట్టుకుంది, నేను ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాను, కాసేపటికే బిడ్డ నా చేతుల్లో ఉంది. ఎలా కూర్చుని కనాలో తల్లి ఇష్టానికి వదలమని 2018లో డబ్ల్యూహెచ్‌ఓ కూడా చెప్పింది కదా, కాబట్టి నీ లేబర్ రూమ్‌లో చాపకీ, వాళ్ళ మంత్రసానికీ చోటు పెట్టు. రక్తం ఎక్కువ పోతున్నా బిడ్డ అడ్డం తిరిగినా ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికే, బండి ఎవరిదో, డ్రైవర్ నంబరేంటో ముందే రాసుకో.

తల్లిదండ్రుల నుంచి బిడ్డలకొచ్చే రక్తపు జబ్బు సికిల్ సెల్ దగ్గర ఇంకా జాగ్రత్త. 2023లో మొదలైన జాతీయ మిషన్‌లో 40 ఏళ్ళ లోపు వాళ్ళకి టెస్టులు చేస్తున్నారు, మంచిదే. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లైతే, అంటే తమకి జబ్బు లేకపోయినా దాని జన్యువు ఉన్నవాళ్ళైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ సంగతి పోడు యజమానికి, అంటే గూడెం పెద్దకి, కులపెద్దలకి ముందే చెప్పు, సంబంధాలు చూసేది వాళ్ళే కాబట్టి, కానీ ఎవరి రిజల్ట్ వాళ్ళ ఇంట్లోనే చెప్పాలి, నలుగురిలో పేర్లు చదివావంటే ఆ ఆడపిల్ల పెళ్ళి అక్కడే ఆగిపోతుంది. దయచేసి ఆ పని చెయ్యకు.

పోషకాహారం కింద పౌడర్ ప్యాకెట్లు రాశావు. వాళ్ళ తిండి రాగులు, అడవి దుంపలు, ఆకుకూరలు. 1974లో ఆ అడవి అభయారణ్యం అయ్యాక అవి తెచ్చుకోవడమే కష్టమైంది, 2011లో గ్రామసభలకి అటవీ హక్కులొచ్చాయి, కాబట్టి హెల్త్ మీటింగ్ ఆ గ్రామసభలోనే పెట్టు. డాక్టర్ సుదర్శన్ గారు ఏళ్ళ తరబడి అక్కడ పనిచేశారు, ఆయన 1981లో పెట్టిన వివేకానంద గిరిజన కల్యాణ కేంద్రానికి వెళ్ళి ఒక వారం ఊరికే చూడు.

ఆదివారం భోజనానికి రా. ఆ గోడ మీది గీతలు నేను నోట్‌బుక్‌లోకి ఎక్కించుకున్నాను, నెలల వారీగా ఉంది, నీకిచ్చేస్తా.

మీ పిన్ని