వర్చువల్ మెషీన్ పాడవలేదు, ముందు కొత్త ల్యాప్‌టాప్ సంగతి చూడండి

మీరు చెప్పినది ఇదీ: పాత ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్, అంటే వర్చువల్ మెషీన్, నడిపే సాఫ్ట్‌వేర్) మీద విండోస్ 7 నడిచేది. దాన్ని షట్‌డౌన్ చేయకుండా సేవ్ స్టేట్‌లో (నడుస్తున్నది నడుస్తున్నట్టే ఆపి దాచే పద్ధతి) ఉంచి, ఫోల్డర్ మొత్తం కొత్త ఏఎండీ రైజెన్ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశారు. స్టార్ట్ నొక్కితే ఎర్రర్ వస్తోంది. తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి.

ఇక్కడ వైజాగ్‌లో, పోర్టు దగ్గర క్లియరింగ్ ఆఫీసు నడిపే మా బావగారికి అచ్చం ఇలాగే అయింది. ఆయన పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్ 7 దాటి నడవదు. సముద్రపు గాలికి పాత ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టులు తుప్పుపట్టాయని కొత్తది కొన్నారు. అమ్మిన షాపువాళ్ళు చూసి "ఫైల్ కరప్ట్ అయిపోయింది సార్" అని చేతులు దులిపేసుకున్నారు. ఫైల్‌కి ఏమీ కాలేదు.

మొదట ఆ సేవ్ స్టేట్ సంగతి. అందులో మెమరీతో పాటు ప్రాసెసర్ ఏ స్థితిలో ఉందో కూడా రాసి ఉంటుంది. ఇంటెల్‌లో ఆపినదాన్ని ఏఎండీలో అక్కడి నుంచే కొనసాగించమంటే మొరాయిస్తుంది. పాత ల్యాప్‌టాప్ ఇంకా మీ దగ్గరే ఉంటే దాంట్లో తెరిచి, మామూలుగా షట్‌డౌన్ చేసి మళ్ళీ కాపీ చేసుకోండి. అది లేకపోతే మెషీన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్కార్డ్ సేవ్డ్ స్టేట్ ఎంచుకోండి. నడుస్తుండగా కరెంటు పోయినట్టే అనుకోండి: సేవ్ చేయని పని పోతుంది, డిస్క్‌లోని డేటా ఉంటుంది. అయినా ముందు ఫోల్డర్‌కి ఒక కాపీ పక్కన పెట్టుకోండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయాలి.

ఎర్రర్‌లో ఎస్‌వీఎం డిజేబుల్డ్ అని కనిపిస్తే అది బయోస్ (విండోస్ కంటే ముందు తెరుచుకునే ల్యాప్‌టాప్ సొంత సెట్టింగ్స్) లోని సెట్టింగ్. ఎస్‌వీఎం అంటే ఏఎండీ ప్రాసెసర్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే సదుపాయం. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ కింద వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే బయోస్‌లో ఎస్‌వీఎం మోడ్ ఆన్ చేయాలి. బయోస్‌లో చెయ్యి పెట్టేముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో చూసి రాసిపెట్టుకోండి. సెట్టింగ్ మారాక కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆ కీ ఇస్తేనే విండోస్‌లోకి రానిస్తాయి. అప్పుడు వెతుక్కోవాల్సి వస్తే ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

మెషీన్ లేచింది కానీ నత్తనడక నడుస్తోందా? విండో కింద, చిన్న ఐకాన్ల వరసలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉందేమో చూడండి. ఉంటే, విండోస్ సొంత హైపర్-వి (వర్చువల్ మెషీన్లు నడిపే భాగం) ప్రాసెసర్‌ని ముందే పట్టుకుంది, వర్చువల్‌బాక్స్ దాని ద్వారా పని చేయించుకుంటోంది అని అర్థం. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మెమరీ ఇంటిగ్రిటీ చాలాసార్లు ముందే ఆన్ అయి వస్తుంది, అదీ ఒక కారణం. విండోస్ సెక్యూరిటీ, డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసోలేషన్ వరసలో వెళ్తే కనిపిస్తుంది. విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వి, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్ టిక్కులు కూడా ఉండొచ్చు. ఇవి తీసేసి రీస్టార్ట్ చేస్తే సాధారణంగా తాబేలు పోతుంది. కానీ మెమరీ ఇంటిగ్రిటీ భద్రత కోసం పెట్టినది, పైగా ఆ టిక్కులు తీస్తే డాకర్, డబ్ల్యూఎస్ఎల్ 2 లాంటి ప్రోగ్రామర్ల టూల్స్ వాడేవాళ్ళకి అవి ఆగిపోతాయి. బిల్లులు కొట్టుకునే పనికి ఇంత అవసరం లేదని నా అభిప్రాయం. బావగారి మెషీన్ తాబేలుతోనే నడుస్తోంది, ఆయన ఫిర్యాదేమీ చేయలేదు.

చాలామంది హడలిపోయేది ఇంకొకటుంది: మెషీన్ తెరుచుకుంటుంది, లోపల ఎప్పటివో పాత బిల్లులే కనిపిస్తాయి! మీరు ఎప్పుడైనా స్నాప్‌షాట్ (ఆ క్షణంలో మెషీన్ ఎలా ఉందో గుర్తుపెట్టేది) తీసి ఉంటే, ఆ తర్వాతి మార్పులన్నీ స్నాప్‌షాట్స్ ఫోల్డర్‌లోని వేరే ఫైళ్ళలో పడతాయి. కొత్త మెషీన్ సృష్టించి దానికి పెద్ద వీడీఐ ఫైల్ (మెషీన్ డిస్క్) ఒక్కటే తగిలిస్తే స్నాప్‌షాట్ ముందునాటి డిస్కే వస్తుంది. అందుకే మెషీన్ మెనూలో యాడ్ నొక్కి, ఫోల్డర్‌లోని చిన్న వీబాక్స్ ఫైల్‌ని (మెషీన్ సెట్టింగ్స్ ఉండేది) ఎంచుకోండి.

మెషీన్ నెట్‌వర్క్ బ్రిడ్జ్‌డ్‌లో (ల్యాప్‌టాప్ కార్డు ద్వారా నేరుగా కలిసే పద్ధతి) ఉంటే పాత వైఫై కార్డు పేరే వెతుకుతుంది. సెట్టింగ్స్‌లో కొత్త కార్డు ఎంచుకుంటే సరి.

ఇవన్నీ అయ్యాక కూడా లేవకపోతే మెషీన్ మీద రైట్ క్లిక్ చేసి షో లాగ్ తెరవండి. అందులో చివర కనిపించే ఎర్రర్ లైన్లు ఇక్కడ పెట్టండి, చూస్తాను. ఫోల్డర్ దారిలో మీ పేరు ఉంటుంది, అది చెరిపేసి పెట్టండి.