బయట జాగ్రత్త సరే, ఇంట్లో మనిషితో?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. సెక్స్ వర్క్ చేసి ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నాను. కండోమ్ లేకపోతే కస్టమర్‌ని ఒప్పుకోను. నాలుగేళ్లుగా నాకు తోడుగా ఒక మనిషి ఉన్నాడు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది కాబట్టి అతనితో కండోమ్ వాడం. ఆర్నెల్లుగా తెల్లబట్ట, వాసన, పొత్తికడుపులో నొప్పి. మందుల షాపులో అడిగి మాత్రలు వేసుకుంటే తగ్గుతుంది, నెల తిరక్కుండా మళ్లీ మొదలవుతుంది. లోపల సబ్బుతో కడుక్కున్నా లాభం లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే పని గురించి అడుగుతారని టెన్షన్. అతన్ని కండోమ్ వాడమంటే “నన్నూ వాళ్లలో కలిపేశావా” అని బాధపడతాడు. ఏం చేయను?

జవాబు: ముందు నొప్పి సంగతి చూద్దాం. తెల్లబట్టతో పాటు పొత్తికడుపు నొప్పి ఉందంటే ఇంకో నెల ఓర్చుకోవద్దమ్మా. గనేరియా, క్లమిడియా లాంటి సుఖవ్యాధులు గర్భసంచి దాటి అండాలు వచ్చే గొట్టాల్లోకి పాకితే ఇలాగే నొప్పి వస్తుంది. ఈ వారంలోనే చూపించుకోండి. జ్వరం గానీ, వాంతులు గానీ తోడైతే ఆ రోజే వెళ్లండి.

ఇక ఎందుకు తిరగబెడుతోందన్నది. పరీక్ష చేయకుండా నేను ఫలానా జబ్బని చెప్పలేను. కానీ మీరు రాసిన దాంట్లోనే మూడు కారణాలు కనిపిస్తున్నాయి. ఒక్కో క్రిమికి ఒక్కో మందు ఉంటుంది. షాపులో ఇచ్చే మాత్ర సరైన మందు కాకపోవచ్చు, సరిపడా రోజులు వాడి ఉండకపోవచ్చు. రెండోది సబ్బు. యోనిలో మనల్ని కాపాడే మంచి క్రిములు కొన్ని ఉంటాయి. లోపల కడిగితే అవి పోయి వాసన, తెల్లబట్ట పెరుగుతాయి, హెచ్‌ఐవీ లాంటివి సోకడం కూడా తేలికవుతుంది. శుభ్రత కోసమని మీరు చేస్తున్నారు, అర్థమైంది. అయినా ఈ రోజే మానేయండి. పైపైన నీళ్లతో కడుక్కుంటే చాలు.

మూడోది మీకు కష్టంగా ఉంటుంది, అయినా చెప్పక తప్పదు. మీరు మాత్రలు వేసుకున్నారు, ఆయన వేసుకోలేదు. మగవాళ్లలో క్లమిడియా చాలాసార్లు బయటపడదు. నొప్పి ఉండదు, మంట ఉండదు. మీకు తగ్గినా ఆయన దగ్గర మిగిలిన క్రిమి మళ్లీ మీకే అంటుతుంది. ముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న లెక్క ఇప్పుడు వద్దు. ఆ లెక్క తేలదు, గొడవ మాత్రం మిగులుతుంది. పిల్లలు పుట్టకుండా చేసిన ఆపరేషన్ గర్భాన్ని ఆపుతుంది, జబ్బుల్ని ఆపలేదు.

ఈ వృత్తిలో ఉన్న చాలామంది కస్టమర్ దగ్గర గట్టిగా నిలబడి, ప్రేమించిన మనిషి దగ్గర కండోమ్ వదిలేస్తారు. అది తీసేయడమే నమ్మకానికి గుర్తు అనుకుంటారు. ఆ కోరికను నేను తప్పుపట్టను. బయట అందరితో ఉండే అడ్డు ఒక్కరి దగ్గరైనా ఉండకూడదని ఎవరికుండదు? అందుకే ఆయనతో ఈ మాట పడక మీద ఎత్తకండి, పగటిపూట కూర్చోబెట్టి మాట్లాడండి. “నిన్ను అనుమానించి కాదు. ఎంత జాగ్రత్తగా ఉన్నా నా పనిలో కండోమ్ చిరిగే రోజు ఉంటుంది. ఆ రోజు నా వల్ల నీకేమీ కాకూడదు” అనండి. ఇద్దరూ కలిసి పరీక్షకు వెళ్లండి, మందు ఇద్దరూ వాడండి. మందు పూర్తయి, డాక్టర్ సరే అనేదాకా (మామూలుగా ఒక వారం) కలవకండి. ఆ తర్వాత కూడా మీరు ఈ పనిలో ఉన్నన్నాళ్లు ఆయనతో కండోమ్ ఉండాలనే నేనంటాను. ఒకవేళ ఆయన చెయ్యి చేసుకునే మనిషైతే మాత్రం ఒంటరిగా ఈ మాట ఎత్తకండి, ముందు మీరు నమ్మే వాళ్లకెవరికైనా చెప్పండి.

డాక్టర్ దగ్గర మీ కథంతా చెప్పక్కర్లేదు. “నాకు ఎక్కువమందితో సంబంధం ఉంటుంది” అంటే చాలు, ఏ పరీక్షలు చేయాలో వాళ్లకు తెలుస్తుంది. నోటి ద్వారా కూడా ఉంటే చెప్పండి, గనేరియా గొంతులోనూ ఉంటుంది. సెక్స్ వర్కర్లకు పరీక్షలు వాళ్ల ఇష్టంతోనే జరగాలి, బలవంతంగా కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012 మార్గదర్శకాల్లోనే చెప్పింది. మిమ్మల్ని చులకన చేస్తే డాక్టర్‌ని మార్చండి, వైద్యం మాత్రం మానకండి.

సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు తప్పకుండా అడగండి. సిఫిలిస్ పుండు నొప్పి లేకుండా వచ్చి దానంతటదే మానిపోతుంది, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. తొలిదశలో పట్టుకుంటే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి రాకుండా టీకా వేయించుకోకపోతే ఇప్పుడు వేయించుకోండి. హెచ్‌ఐవీ రాకుండా ముందుగా వేసుకునే ప్రెప్ మాత్రల గురించీ అడగండి, కానీ అవి మిగతా సుఖవ్యాధుల్ని ఆపవు.

కండోమ్ చిరిగితే కంగారుపడి లోపల కడగకండి. 72 గంటలు దాటకుండా, వీలైతే అదే రోజు, ఆస్పత్రికి వెళ్లి, హెచ్‌ఐవీ సోకకుండా తర్వాత వేసుకునే పెప్ మందులు అడగండి. 28 రోజులు వాడాలి. లేటెక్స్ కండోమ్ మీద నూనె, వ్యాజిలిన్ రాస్తే బలహీనపడి చిరుగుతుంది, నీటితో చేసిన జెల్ వాడండి. ఒకదానిమీద ఒకటి రెండు తొడిగించొద్దు.

వెళ్లేటప్పుడు ఈ ఆర్నెల్లలో వాడిన మాత్రల ఖాళీ అట్టలు ఏమైనా మిగిలి ఉంటే సంచిలో వేసుకెళ్లండి. ఏ మందు పని చేయలేదో డాక్టర్‌కు తెలుస్తుంది.